ఎంగిలి తగలని చీర

ఎదురింటి అక్కమ్మ కూతురికి ముందరి పన్ను ఊడింది. ఆ పిల్ల దాన్ని పేడ ముద్దలో పొదిగి, వీధిలోని పిల్లలందర్నీ కూడగట్టుకుని, మిద్దె మీదికి విసరడానికి నడివీధిలో నిలబడింది. మొదటి విసురుకు ముద్ద పిట్టగోడకు తగిలి కింద పడింది. పిల్లలు ఒకటే గోల. మళ్లీ విసిరితే పైకి పోయి నిలిచింది. ఇక కొత్త పన్ను తెల్లగా, తిన్నగా వస్తుందన్నమాట.

రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న తిరుపాలమ్మకు ఇదంతా గడపలోంచి కనిపిస్తూనే ఉంది. ఆమె కూతురు చౌడమ్మ ఆ గుంపుకు కాస్త ఎడంగా, గోడకు ఆనుకుని, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"ఒమే చౌడీ, నీవెప్పుడు ఎగరేస్తావే పన్ను?" అన్నాడొక పిల్లవాడు.

"దానికి యాడుండాయిరా పండ్లు? అది బోసిది. పుట్టకతోనే ముసిల్ది!"

నవ్వులు. చౌడమ్మ కూడా నవ్వబోయింది. నవ్వితే ఏం కనిపిస్తుందో గుర్తొచ్చి, రెండో చెయ్యి కూడా నోటి మీద పెట్టుకుని ఇంట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"అమా, నాకెప్పుడు ఊడ్తాయి?"

ఆ పిల్ల మాట ముద్ద ముద్దగా వస్తుంది. నోట్లో బెల్లపు ఉండ పెట్టుకుని మాట్లాడినట్టుంటుంది. తల్లికి తప్ప పరాయివాళ్లకు రెండోసారి చెబితే గాని అర్థం కాదు.

తిరుపాలమ్మ రాట్నం ఆపి, కూతురి గడ్డం పట్టుకుని వెలుతురుకేసి తిప్పింది. పొద్దునే ఒకసారి చూసింది. నిన్నా చూసింది. ఈ పూటకైనా ఏదో మారి ఉంటుందని ఆశ. పైనా కిందా చిగుళ్లు దట్టంగా, గట్టిగా పెరిగి పెదవుల్ని ముందుకు తోస్తున్నాయి. నెత్తురు లేదు, చీము లేదు, నొప్పి లేదు. ఉత్త కండ. కింది వరసలో ఒక చోట మాత్రం బియ్యపు నూకంత తెలుపు కనిపించీ కనిపించనట్టుగా ఉంది. ఏడేళ్ల పిల్ల నోట్లో అంతే పన్ను. రాగి సంగటి ఎటూ మింగేదే కాబట్టి కడుపుకు లోటు రాలేదు. శెనక్కాయలు మాత్రం బెల్లంతో కలిపి రోట్లో దంచి పెట్టాలి. ఊరంతా కొరుక్కు తినేదాన్ని ఈ పిల్ల నాకి తింటుంది.

"చూసి చూసి కండ్లు పోగొట్టుకో!" మూలనుంచి అత్త సుబ్బలక్ష్మమ్మ గొంతు. ఆమె చిన్న కల్వంలో వక్కాకు దంచుకుంటోంది. కోడలు కాపురానికి వచ్చేనాటికే ఆమెకు పళ్లు లేవు. పొగాకు తిని పోయినాయని చెప్పేది. "మీ పుట్టింటి కుందుర్పోళ్ల నోర్లే అంత. మా వంశంలో ఇట్లాంటిది పుట్టలేదు. మీ నాయన్ని అడుగు, మీ తాతల్ని అడుగు."

"మా ఇంట్లో ఎవురికీ లేదత్తా."

"ఉంటే మాత్రం చెప్తారా?"

తిరుపాలమ్మ మళ్లీ రాట్నం తిప్పింది. ఆ విసురుకు దారం తెగింది. రెండు కొసలూ వెతికి పట్టుకుని ముడి వేసి, మిగిలిన కొసను ధ్యాస లేకుండా నోటి దగ్గరికి తీసుకుంది.

"ఎంగిలి!"

కేకతో పాటు బ్లేడు ముక్క వచ్చి ఒళ్లో పడింది.

ధర్మవరంలో ఏ మగ్గం ఇంటికి పోయినా, కండె చుట్టే ఆడది తెగిన పట్టు దారాన్ని ముడేసి కొసను పంటి కింద పెట్టి టక్కున తెంపేస్తుంది. ఈ ఇంట్లో మాత్రం కొరకరు. సుబ్బలక్ష్మమ్మ వక్కాకు సంచిలో సగం విరిచిన బ్లేడు ఎప్పుడూ ఉంటుంది. ఇది చౌడేశ్వరమ్మకు మొక్కిన మగ్గమనీ, నోరు తగిలిన దారం పెళ్లి చీరకు పనికిరాదనీ ఆమె కట్టడి. పట్టు షావుకార్లకు కూడా ఈ మాట పాకింది. పెళ్లివాళ్లు వస్తే "ఇది సుబ్బలక్ష్మమ్మ ఇంటిది, ఎంగిలి తగలని చీర" అని మడత విప్పుతారు. తిరుపాలమ్మ కూడా బోరింగు కాడ ఆడవాళ్లకు ఈ మాటను కాస్త గొప్పగానే చెప్పుకునేది.

*

మరుసటి రోజు చౌడమ్మ బడి నుంచి వేళకు ముందే తిరిగొచ్చింది. పలక సంచి భుజాన లేదు. తిరుపాలమ్మ పిల్లను వెంటబెట్టుకుని బడికి పోయింది. అయ్యవారు వరండాలోనే ఎదురయ్యాడు. చెడ్డవాడు కాదు, మొహమాటపడుతూనే చెప్పాడు.

"పాఠం చదవమంటే నోరు తెరుస్తుంది గదమ్మా. చిన్నపిల్లలు జడుసుకుంటాండారు. ఒగ తల్లి వచ్చి మా పిల్లను దాని పక్కన కూర్చోబెట్టొద్దనింది. అంటుకునేదేమోనని. యాడన్నా చూపించుకుని రా. అంతవరకు ఇంట్లో పెట్టుకో."

"నన్ను ఏడో తరగతిలో మాన్పించినారు సార్," అంది తిరుపాలమ్మ. "దీన్ని ఒకటో తరగతిలోనే మాన్పిస్తే ఎట్ల సార్?"

ఆయన పలక సంచి తెచ్చి ఆమె చేతికిచ్చి, గోడ మీది పటం కేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆమె నేరుగా మగ్గం దగ్గరికి వచ్చింది. జయరాముడు గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. నాడె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పోతోంది.

"రేపు అనంతపురం పోవల్ల," అంది.

"చీర సగంలో ఉండాది."

"చీర మల్లైనా నేస్తావు."

నాడె ఆగింది. భార్య ఆ గొంతుతో మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు. మూలన కల్వం చప్పుడు కూడా ఆగింది.

"పండ్ల ఇగుర్లకు ఆస్పత్రేంది? యాడన్నా ఉండాదా?" అంది సుబ్బలక్ష్మమ్మ. "వాళ్లు గుచ్చి గుచ్చి అడుగుతారు. ఇంటి సంగతులన్నీ బజార్న పెట్టల్ల."

జయరాముడు గుంటలోంచి కాళ్లు తీసి, నేసినంత చీర మీద గుడ్డ కప్పాడు.

మర్నాడు బత్తలపల్లె దాటేదాకా బస్సులో కూర్చోవడానికి చోటు దొరకలేదు. చౌడమ్మ తండ్రి కాళ్ల సందున నిలబడి, కిటికీలోంచి కనిపిస్తున్న ఎండిన వేరుశెనగ చేలను చూస్తూ వచ్చింది. అనంతపురంలో పళ్ల డాక్టరు వయసు మళ్లినవాడు. చిన్న అద్దం నోట్లో పెట్టి చాలాసేపు చూశాడు. చిగుళ్లను వేలితో నొక్కాడు.

"ఫిట్సు వస్తాయా పాపకు? వాటికి మందేమైనా వాడుతున్నారా?"

"లేదు సార్."

"మీ ఇళ్లల్లో ఎవరికైనా ఇలా ఉందా? మీ వైపు గానీ, ఆయన వైపు గానీ? ముసలివాళ్లు, చనిపోయినవాళ్లు, ఎవరైనా?"

తిరుపాలమ్మ భర్త కేసి చూసింది.

"ఎవురికీ లేదు సార్," అన్నాడు జయరాముడు, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. మాట్లాడేటప్పుడు అలా చెయ్యి అడ్డం పెట్టుకోవడం అతనికి మొదటినుంచీ ఉన్న అలవాటు. పెద్దల ముందు మర్యాదని తిరుపాలమ్మ అనుకునేది.

డాక్టరు చేతులు కడుక్కుంటూ ఆలోచించాడు. "వంశంలో ఉంటే భయం లేదనేవాణ్ణి. మందు వల్ల కాదు, వంశం వల్ల కాదు అంటే, ఇదేమిటో తేలకుండా నేను కత్తి పెట్టను. కొన్నిసార్లు చెడ్డ పెరుగుదల కూడా ఇలా మొదలవుతుంది. ఈరోజు కరెంటు లేదు, ఎక్స్‌రే తీయలేను. బెంగుళూరు తీసుకుపోండి. ముక్క తీసి పరీక్ష చేస్తారు."

"చెడ్డదంటే?" అంది తిరుపాలమ్మ.

ఆయన పిల్ల కేసి చూసి, "ముందు తేలనీయమ్మా," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆమె పిల్లను ఒళ్లోంచి దించలేదు. నిద్రపోతున్న పిల్ల నోరు కాస్త తెరుచుకుని ఉంది. పక్క సీటులోని ఆడమనిషి చూసి మొహం తిప్పుకుంది.

ఇంటికి రాగానే సుబ్బలక్ష్మమ్మ అడిగిన మొదటి మాట పిల్ల గురించి కాదు. "ఇంటోళ్ల సంగతి అడిగినాడా? ఏం చెప్పినారు?" అంది.

"ఎవురికీ లేదని చెప్పినాంలేమ్మా," అన్నాడు కొడుకు.

ఆమె తల ఊపి తన కంచం తీసుకుని, ఎప్పటిలాగే గోడకేసి తిరిగి కూర్చుని అన్నం తిన్నది.

*

బెంగుళూరు మాట ఎత్తితే జయరాముడు, "మగ్గం మీంచి చీర కోసినంక పోదాం" అంటాడు. పెళ్లి ముహూర్తం దగ్గర పడింది, చీర ఇవ్వకపోతే ఇంకోసారి పట్టు చేతికి రాదు. అతను చెప్పేదీ నిజమే. పైగా అతనికి భయం. పరీక్ష చేయిస్తే ఏం బయటపడుతుందోనని, దాన్ని కాస్త ముందుకు నెట్టాలని చూస్తున్నాడు. రాత్రింబవళ్లూ మగ్గం గుంటలోనే ఉంటున్నాడు. తిరుపాలమ్మకు మాత్రం ఆ చీర ఒక్కో జాన పెరిగినప్పుడల్లా పిల్ల నోట్లో కండ కూడా పెరుగుతున్నట్టు ఉంది. పొద్దున చూసినదానికీ సాయంత్రం చూసినదానికీ తేడా ఉందనిపిస్తుంది. వేలితో కొలిచి చూస్తుంది. కొలత పూటకోలా తేలుతుంది.

బోరింగు కాడ నీళ్లు సన్నగా వస్తున్నాయి. ఒక బిందె నిండేసరికి ఊరి కబుర్లన్నీ అయిపోతాయి.

"చెడ్డదంటే క్యాన్సరేమోమే," అంది అక్కమ్మ గొంతు తగ్గించి. "దానికి కత్తి తగిలితే ఇంగా పాకుతాదంట. కాల్చల్ల గాని కోయగూడదు. నల్లమాడ పక్కనుంచి ఓబుళేసని ఒగాయప్ప సంతకొస్తాడు. మా అన్న కొడుక్కు గొంతు కింద గడ్డొస్తే వాత పెట్టినాడు. ఎండిపాయ."

"ఇగుర్లకు పెడతాడా?"

"ఆయప్ప దేనికైనా పెడతాడు."

తిరుపాలమ్మ బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చి, అత్త ముందు నిలబడింది. "అత్తా, మీ పుట్టిల్లు నల్లమాడ పక్కే గదా. ఆడ వాతలు పెట్టేవాళ్లుండారంట. నీకు తెలుసునా?"

సుబ్బలక్ష్మమ్మ చేతిలోని వక్కాకు కింద పడింది. "నాకేం తెలుసు? నేనెవుర్నీ ఎరగను," అంది. అని, తన రాట్నం ముందుకు జరిగి దాన్ని గబగబా తిప్పింది. ఎరగని మనుషుల మీద అంత కోపం ఎందుకో తిరుపాలమ్మకు అర్థం కాలేదు.

*

సంత రోజున జయరాముడు చీర కోసి, మడత పెట్టి, షావుకారుకు అప్పజెప్పడానికి పోయాడు. అతను వీధి మలుపు తిరిగాక తిరుపాలమ్మ సంతకు పోయి ఓబుళేసును వెంటబెట్టుకొచ్చింది.

అతను నవ్వుతూ మాట్లాడే మనిషి. తలగుడ్డ విప్పి గడప దులుపుకుని కూర్చున్నాడు. అతన్ని చూడగానే సుబ్బలక్ష్మమ్మ వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. "ఆవులకు పెడతా, ఎద్దులకు పెడతా, మనుసులకు పెడతా. అంతా ఒగటే ఇనుమమ్మా. నోరులేని ఆవులే నయం, మనుసులే అరుస్తారు," అన్నాడు. పిల్ల నోరు చూసి, "ఓ, ఇదా! మా నాయన పెట్టేవాడు దీనికి. ఒగసారి పెడితే దిగిపోతాది," అన్నాడు.

కుంపట్లో బొగ్గులు రాజేసి, సన్నటి ఇనప కమ్మి కొస అందులో పెట్టాడు. చౌడమ్మకు అర్థమయ్యేసరికి తల్లి ఒళ్లో ఇరుక్కుపోయి ఉంది. తిరుపాలమ్మ ఒక చేత్తో పిల్ల చేతులు పట్టుకుని, కాళ్లను తన కాళ్ల సందున బిగించింది.

"ఒద్దమా! నేను నవ్వనమా! నోరు తెరవనమా బడిలో!"

"ఒగ నిమిషం బంగారూ. ఒగే నిమిషం." ఆ మాట చెబుతున్నది తన గొంతేనా అని ఆమెకు అనుమానం వచ్చింది. ఈ చేతులు తనవేనా? కాదని వదిలేస్తే ఆ చెడ్డది పాకుతూనే ఉంటుంది. వదలకపోతే ఇదీ. ఆమె కళ్లు మూసుకుని ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఓబుళేసు కమ్మి తీసి ఆముదంలో ముంచాడు. కాలిన ఆముదం వాసన ఇల్లంతా కమ్మింది.

"తల కదల్చకుండా పట్టల్లమ్మా. పెద్దమ్మా! లోపలేం జేస్తాండావు? వచ్చి తల పట్టుకో!"

వంటింటి తలుపు తెరుచుకుంది. సుబ్బలక్ష్మమ్మ వచ్చి మనవరాలి తల దగ్గర కూర్చుంది. రెండు చేతులతో తల పట్టుకుంది. ఓబుళేసు కమ్మి తెచ్చాడు. ఆమె ఒక చెయ్యి తీసి పిల్ల నోటి మీద మూత పెట్టింది.

"చెయ్యి తియ్యి పెద్దమ్మా, కాలుతాది."

"ముందు నాది చూడు," అంది ఆమె.

ఎప్పుడూ మూతికి అడ్డంగా ఉండే కొంగు తీసేసి, సుబ్బలక్ష్మమ్మ నోరు తెరిచింది. పూర్తిగా, గడప వెలుతురుకేసి. తిరుపాలమ్మ అంతకుముందెన్నడూ ఆ నోటి లోపలికి చూడలేదు. అవి ముసలివాళ్ల నున్నటి బోసి చిగుళ్లు కావు. మిట్టపల్లాలుగా, కరిగి గడ్డకట్టిన లక్కలా ఉన్నాయి. ఎడమ పక్క బుగ్గ లోపలి కండ చిగురుకు అతుక్కుపోయి ఉంది.

"మీ నాయన నాగన్న గదా?" అంది ఆమె, నోరు మూసుకుని. "ఎడమ చేతి వాటం."

ఓబుళేసు కమ్మి దించాడు. "అవునవ్వా."

"ఆయప్ప పెట్టిందే ఇది. ఒగసారితో దిగిపోతాదన్న్యాడు. మల్లా పెరిగె. మల్లా పెట్టె. కాలిన తావ పండ్లు కదిలి ఒగొగటే రాలిపాయ. సమర్తాడక ముందే బోసిదాన్నైతి." ఆమె పిల్ల నోటి మీది చెయ్యి తీయలేదు. "నా తల పట్టుకొనింది మాయమ్మ. ఇట్లనే, ఒళ్లో పెట్టుకోని. ఆ ఆముదం వాసన తగలకుంటే ఈపొద్దు గూడా తలుపు తీసిందాన్ని కాదేమో."

ఓబుళేసు కమ్మి కొసను చెంబులో ముంచాడు. నీళ్లు చుయ్యిమన్నాయి. తలగుడ్డ చుట్టుకుని, గడప దాటాక చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

తిరుపాలమ్మ చేతులు వాటంతటవే విడిపోయాయి. చౌడమ్మ వెక్కుతూ పాకి గోడ దగ్గర ముడుచుకుంది.

"నీకు ముందే తెలుసునా అత్తా?"

"దీనికి పండ్లు రాని దినం నుంచి ఎరుకే."

"ఎరిగుండి మా పుట్టింటోళ్లనంటివి."

"అంటి."

"నీ మాటలకు మా నాయన ఈ గడప తొక్కేది మానేసినాడు."

"అదీ ఎరుకే."

"డాక్టరు అడిగినాడత్తా! ఇంట్లో ఎవురికన్నా ఉంటే భయం లేదన్న్యాడు. నీవొగ మాట చెప్పింటే నేనిట్ల..." ఆమె తన చేతుల కేసి చూసుకుంది. పిల్ల మణికట్ల మీద ఆ వేళ్ల ముద్రలు ఎర్రగా కనిపిస్తున్నాయి.

"చెప్పింటే నా కొడుక్కు పిల్లనెవరిస్తాండ్రి?" అంది సుబ్బలక్ష్మమ్మ నేలకేసి చూస్తూ. "దారం కొరకలేనిదాన్ని మగ్గపోళ్లు కోడలుగా ఉంచుకుంటారా? ఎంగిలి తగలగూడదని చెప్పినా. మాయత్త నమ్మె. ఊరు నమ్మె. అందరూ నమ్మినంక నాకూ నిజమే అనిపిచ్చె."

తిరుపాలమ్మ లేచి కుంపటి బయటికి తీసుకుపోయి, నిప్పుల మీద నీళ్లు గుమ్మరించింది. లోపలికి వచ్చి అత్త కేసి చూడకుండా అంది. "రేపు అనంతపురం పోతాండాం. నీవూ వస్తాండావు."

*

ఈసారి కరెంటు ఉంది. డాక్టరు అదే ప్రశ్న అడగబోయాడు. అడిగే అవసరం లేకుండానే సుబ్బలక్ష్మమ్మ స్టూలు మీద కూర్చుని, కొంగు ఒళ్లో పెట్టుకుని, పరాయి మగవాడి ముందు నోరు తెరిచింది. ఆయన చూశాడు. తర్వాత జయరాముణ్ణి పిలిచి చెయ్యి అడ్డం తీయమన్నాడు. పెదవి ఎత్తి, పొట్టిగా కనిపిస్తున్న పళ్లను చూసి, "మీ పళ్లు పొట్టివి కావయ్యా. చిగురు సగం కప్పేసింది. మీకు తక్కువగా వచ్చింది, పాపకు ఎక్కువగా వచ్చింది," అన్నాడు. జయరాముడు భార్య మొహం చూడలేక తల్లి మొహం చూశాడు. తల్లి కిటికీలోంచి వీధి చూస్తోంది.

"చెడ్డది కాదు," అన్నాడు డాక్టరు. "బెంగుళూరులో మత్తిచ్చి చిగురు కోస్తారు. ఒక్కసారికి తీరదు, కొంచెం కొంచెంగా చేయాలి. మళ్లీ పెరగొచ్చు కూడా. పెరిగితే మళ్లీ కోయించుకోవాలి. అది చెప్పకపోతే తప్పు."

ఆయన ఎక్స్‌రే తీసి, కడిగి, ఆ నల్లటి చిన్న ఫిల్ము ముక్కను వెలుతురుకు పట్టుకున్నాడు. తిరుపాలమ్మ దగ్గరికి వంగి చూసింది. తెల్లగా, వరసగా, ఒకదాని పక్కన ఒకటి పళ్లున్నాయి. తన కూతురి పళ్లను ఆమె చూడటం అదే మొదలు. పైకి రావడానికి దారి లేక, వచ్చిన చోటే నిలబడి ఉన్నాయి. ఆమె నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

ఇంటికి వచ్చాక సాయంత్రం రాట్నాలు మళ్లీ తిరిగాయి. అత్త ఒక పక్క, కోడలు ఒక పక్క. అక్కమ్మ గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏమన్న్యాడు డాక్టరు? కుందుర్పోళ్ల నుంచి వచ్చిందేనంటనా?"

తిరుపాలమ్మ చెయ్యి ఆగింది.

"కాదు," అంది సుబ్బలక్ష్మమ్మ. "మాది. నా నుంచి వచ్చింది. పోయి బోరింగు కాడ చెప్పు, అందరికీ చెప్పు."

అక్కమ్మ ముసలామె మొహం చూసి, మెల్లగా వెనుదిరిగింది.

కాసేపటికి సుబ్బలక్ష్మమ్మ రాట్నం మీద దారం తెగింది. ఆమె కొసలు వెతికి ముడి వేసింది. అలవాటుగా చెయ్యి సంచి దగ్గరికి పోయింది, బ్లేడును తడిమింది, అక్కడే ఆగింది. తర్వాత దారం కొస పట్టుకుని కోడలి ముందుకు చాచింది.

తిరుపాలమ్మ వెంటనే అందుకోలేదు. ఆ చెయ్యి గాలిలోనే ఉంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి పడ్డ మాటలన్నీ ఆ దారానికి ఈ పక్కే ఉన్నాయి. ఒక్క రోజుకు పోయేవి కావు. చివరికి ముందుకు వంగి, కొసను పళ్ల మధ్య పెట్టుకుని తెంపింది. టక్కుమంది.

గోడ దగ్గర కూర్చున్న చౌడమ్మ ఆ చప్పుడుకు తలెత్తింది. "జేజీ, నేనూ కొరుకుతా."

"కొరుకుదువులే," అంది నాయనమ్మ, రాట్నం తిప్పుతూ. "లోపల ఉండాయన్న్యాడు గదా."

చౌడమ్మ నోట్లో వేలు పెట్టుకుని, చిగురును గట్టిగా నొక్కి, వాటి కోసం వెతుక్కుంది.